యూరియోప్స్ అనే పసుపు డైసీ పొద: బెంగళూరులో పెంచేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా మేడ మీద ఈ పొద విరగబూసినప్పుడు పైకి వచ్చినవాళ్లంతా ముందు అడిగేది, “ఇదే రకం చామంతండీ?” అని. ఇది చామంతి కాదు, యూరియోప్స్. బెంగళూరులో 11 ఏళ్లుగా దీన్ని కుండీల్లోనూ నేలలోనూ పెంచుతున్నాను. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు, ఊళ్లో చుట్టాలు, ఫోన్‌లో ఫొటో పంపి అడిగే స్నేహితులు అందరి ప్రశ్నలూ, నా జవాబులూ ఒకచోట పెడుతున్నాను. ఒక్క మాట ముందే చెబుతాను. దీన్ని గుర్తుపట్టాలన్నా, దీనికేం కావాలో తెలుసుకోవాలన్నా పువ్వు కంటే ముందు ఆకునూ, పువ్వు వెనక భాగాన్నీ చూడండి. పసుపు పువ్వులు ముందు నుంచి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

దీనికి తెలుగు పేరేమిటి? నర్సరీలో ఏమని అడగాలి?

తెలుగు పేరు లేదు, ఎందుకంటే ఇది మన నేలది కాదు. సొంత ఊరు దక్షిణాఫ్రికా. యూరియోప్స్ అంటే గ్రీకులో ‘పెద్ద కళ్లున్నది’ అని. ఆ జాతిలో సుమారు 100 రకాలున్నా, తోటల్లో కనిపించేవి ముఖ్యంగా రెండే: యూరియోప్స్ పెక్టినేటస్, యూరియోప్స్ క్రిసాంతిమోయిడిస్. నర్సరీలో ‘యెల్లో డైసీ’, ‘బుష్ డైసీ’ అంటే చూపిస్తారు. కాకపోతే ఆ పేరుతో ఇంకో నాలుగు మొక్కలు కూడా చూపిస్తారు. అందుకే గుర్తుపట్టడం మనకే తెలిసి ఉండాలి.

డైసీ కుటుంబం అంటే ఏమేమి వస్తాయి?

మనం రోజూ చూసేవే. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, జుట్టు నూనెలో వేసే గుంటగలగర, దెబ్బ తగిలితే ఆకు నలిపి పెట్టే గడ్డి చామంతి అన్నీ ఆస్టరేసి అనే ఈ కుటుంబంలోవే. అరకు లోయలో చలికాలం మొదట్లో కొండవాలంతా పసుపు పరిచినట్టుండే వలిసె పూలూ ఇవే. బెంగళూరు బాల్కనీల నుంచి పచ్చటి తెరలా కిందికి వేలాడే కర్టెన్ క్రీపర్ కూడా ఈ కుటుంబమే అంటే చాలామంది నమ్మరు. దాని పూలు చిన్నవి, ఎవరూ పట్టించుకోరు.

ఈ కుటుంబాన్ని పట్టిచ్చేది పువ్వు నిర్మాణం. యూరియోప్స్ పువ్వొకటి కోసి, ఎండలో నిలబడి, భూతద్దంతో మధ్యలో ఉన్న పసుపు బొడిపెను చూడండి. అది ఒక ముద్ద కాదు. పదుల కొద్దీ చిన్నచిన్న గొట్టాలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒక్కోటీ ఒక పూర్తి పువ్వు. అంచున ఉన్న వరస ముందు విచ్చుకుంటుంది, తర్వాత లోపలి వరస, అలా రోజుకు కొంచెం చొప్పున మధ్యకు వస్తుంది. విచ్చుకున్న గొట్టం మూతి ఐదు కోణాల నక్షత్రంలా ఉంటుంది. అందులోంచి రెండుగా చీలిన కీలాగ్రం పుప్పొడిని నెట్టుకుంటూ పైకి వస్తుంది. చుట్టూ మనం రేకులు అనుకునేవి కూడా రేకులు కావు, ఒక్కో రేకూ ఒక్కో పువ్వే. నేను మొదటిసారి చూసిన రోజు పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి కూడా గుర్తులేదు. అప్పటి నుంచి ఇంటికి వచ్చిన పిల్లలందరికీ భూతద్దం ఇచ్చి చూపిస్తున్నాను.

చామంతి కాదని ఎలా తెలుస్తుంది? మిగతా పసుపు పూలతో తేడా ఏమిటి?

ఎక్కువ మంది అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు పువ్వును వెనక్కి తిప్పండి. రేకుల కింద పచ్చటి గిన్నెలాంటిది ఉంటుంది. యూరియోప్స్‌లో ఆ గిన్నె పచ్చటి పొలుసులు ఒక్కటే వరసలో ఉంటాయి, అడుగున ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చామంతిలో అవి పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి రెండు మూడు వరసలుగా ఉంటాయి. ఈ ఒక్క గుర్తుతోనే సగం అనుమానాలు తీరిపోతాయి. రెండోది వాసన. చామంతి ఆకు నలిపితే ఆ ఘాటైన వాసన మనందరికీ తెలుసు, యూరియోప్స్ ఆకు నలిపితే అది రాదు.

తర్వాత కాండం. యూరియోప్స్ నిజమైన పొద. ఏడాది తిరిగేసరికి మొదలు గట్టిపడి కర్రలా అవుతుంది. ఆకులు కొమ్మ మీద ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి కానీ ఎదురెదురుగా జంటగా రావు. నర్సరీల్లో వెడీలియా అని అమ్మే మొక్కకు పసుపు పువ్వే ఉంటుంది, కానీ అది నేల మీద పాకుతుంది, ఆకులు జంటలుగా వస్తాయి. కోరియాప్సిస్‌కు రేకుల చివర కత్తెరతో గాట్లు పెట్టినట్టుంటుంది, ఆకులు ఎదురెదురుగా వస్తాయి. యూరియోప్స్ రేకు చివర దాదాపు నున్నగా ఉంటుంది.

ఊరి బయట రోడ్ల పక్కన మనిషి ఎత్తు దాటి పెరిగే పసుపు పూల పొదను చూపించి కొందరు ఇదే అంటారు. అది టిథోనియా, మెక్సికో నుంచి వచ్చింది. దాని ఆకు అరచేయంత ఉండి మూడు నుంచి ఐదు పాయలుగా చీలి ఉంటుంది. పువ్వు కింద కాడ బోలుగా, ఉబ్బి ఉంటుంది. యూరియోప్స్ ఆకు వేలంత పొడవే ఉంటుంది, కాడ సన్నగా, తీగలా, నిటారుగా లేస్తుంది. పువ్వు మొత్తం 4, 5 సెంటీమీటర్ల వెడల్పు.

ఆకు చూస్తే వయ్యారిభామలా ఉంది. భయపడాలా?

భయం అక్కర్లేదు. కానీ పోలిక నిజమే. దానివల్ల నాకు నష్టం కూడా జరిగింది. కాంపౌండ్ గోడ వెంబడి వరసగా నాటిన 6 పిలకలు పూతకు రాకముందే, గడ్డి తీయడానికి వచ్చినాయన కాంగ్రెస్ గడ్డి అనుకుని 4 పీకేశాడు. ఆయన తప్పేం లేదు, చిన్నప్పుడు రెండింటి ఆకులూ చీలికలుగానే ఉంటాయి. అప్పటి నుంచి కొత్తగా నాటినవాటి పక్కన ఒక పుల్లకు ఎర్రగుడ్డ కట్టి పెడుతున్నాను.

తేడా ఇలా చూడండి. వయ్యారిభామ మొదట నేలకు అంటుకుని గుండ్రంగా ఆకులు పరుస్తుంది, తర్వాత చారలున్న కాండం లేస్తుంది. ఆకు పల్చగా, గరుకుగా ఉండి, మళ్లీ మళ్లీ చీలుతుంది. పూలు ఆవగింజ కంటే కాస్త పెద్దగా, తెల్లగా ఉంటాయి. యూరియోప్స్ ఆకు దళసరిగా ఉండి, ఒక్కసారే చీలుతుంది, మొక్క మొదటి నుంచీ కొమ్మ మీదే ఆకులు వేస్తుంది. వయ్యారిభామ వల్ల చర్మం మీద దద్దుర్లు, తుమ్ములు రావడం అందరికీ తెలిసిందే. దాన్ని అదుపు చేయడానికి మెక్సికో నుంచి తెచ్చిన ఆకు తినే పురుగును 1984లో వదిలింది కూడా బెంగళూరులోనే. యూరియోప్స్ పుప్పొడి అలా గాలిలో ఎగిరేది కాదు, తేనెటీగల కాళ్లకు అంటుకునేది. అయినా చామంతి, బంతి ముట్టుకుంటే దురద పెట్టేవాళ్లు ఇక్కడ కూడా చేతికి గ్లవుజు వేసుకోవడం మంచిది.

బూడిద రంగు ఆకుదా, పచ్చ ఆకుదా? ఏది తెచ్చుకోవాలి?

పెక్టినేటస్ ఆకు మీద సన్నటి నూగు ఉంటుంది, అందుకే బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఆకు అంచులు దువ్వెన పళ్లలా చీలి ఉంటాయి. లాటిన్‌లో ఆ పేరుకు అర్థం కూడా దువ్వెన లాంటిది అనే. ఇందులోనే నూగు లేని పచ్చ ఆకు రకం ఒకటుంది, పేరు విరిడిస్. క్రిసాంతిమోయిడిస్ ఆకు కూడా పచ్చగా, నున్నగానే ఉంటుంది కానీ చీలికలు అంత లోతుగా ఉండవు.

నా అనుభవంలో మన వానలకు పచ్చ ఆకు రకాలే నయం. నూగు ఉన్న ఆకు మీద తడి నిలిచి సెప్టెంబర్ కల్లా అడుగు ఆకులు నల్లబడతాయి. కానీ బూడిద ఆకు మీద పసుపు పువ్వు అందమే వేరు. చూరు కింద, ఎండ తగిలి వాన తగలని చోటు మీకు ఉంటే అదే తెచ్చుకోండి.

నర్సరీలో ఏం చూసి కొనాలి?

లాల్‌బాగ్ చుట్టుపక్కల, సిద్ధాపుర వైపు నర్సరీల్లో తీరిగ్గా తిరిగి చూసి కొనడం నాకిష్టం. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టించిన ఆ తోట ఉన్న చోట మొక్కల బేరం ఇప్పటికీ సందడిగానే ఉంటుంది. జనవరి, ఆగస్టు పూల ప్రదర్శనల రోజుల్లో మాత్రం వెళ్లకండి. ఆ రద్దీలో మొక్కను తిప్పి చూసే వీలుండదు.

నిండా పూలున్న మొక్క తీసుకోకండి. మొగ్గలుండి, మొదట్లోనే మూడు నాలుగు కొమ్మలు వేసిన పొట్టి మొక్క తీసుకోండి. సంచి అడుగున చూడండి, వేర్లు బయటికి వచ్చి గట్టిగా చుట్టుకుని ఉంటే అది చాలా కాలంగా అందులోనే ఉందన్నమాట. ఆకు అడుగునా, మొగ్గ మెడ దగ్గరా పేనుబంక ఉందేమో చూడండి. ఇంటికి తెచ్చాక వారం రోజులు మిగతా కుండీలకు దూరంగా ఉంచండి.

ఎండ ఎంత కావాలి?

రోజుకు కనీసం 5, 6 గంటల నేరుటెండ. తూర్పు బాల్కనీలో బతుకుతుంది, పడమర లేక దక్షిణం వైపు బాగా పూస్తుంది. ఉత్తరం బాల్కనీకి ఇది తగదు, పెట్టి బాధపడకండి.

మట్టి ఎలా కలపాలి?

ఎర్రమన్ను 2 పాళ్లు, ముతక ఇసుక 1 పాలు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ 1 పాలు, గుప్పెడు వేపపిండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువ వేయకండి, వానాకాలంలో అది స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది. 12 అంగుళాల కుండీతో మొదలుపెట్టండి, మట్టిదైతే మరీ మంచిది. అడుగు చిల్లు మీద పెంకు ముక్క వంపు పైకి ఉండేలా బోర్లించండి. నేలలో అయితే రెండున్నర, మూడు అడుగుల ఎడంలో నాటండి. నేల పల్లంగా ఉంటే జానెడు ఎత్తున కట్ట పోసి దాని మీద నాటండి.

ఆకులు వాడిపోయాయి. నీళ్లు పోస్తుంటే ఇంకా వాడిపోతోంది. ఎందుకు?

మీరు నీళ్లు ఎక్కువ పోస్తున్నారు. మన ఇళ్లలో ఈ మొక్కలు చచ్చిపోవడానికి పురుగుల కంటే, ఎండ కంటే పెద్ద కారణం ఇదే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది.

దాహం వేసినా వాడిపోతుంది, వేరు కుళ్లినా వాడిపోతుంది. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. వేరు కుళ్లితే కుండీలో నీళ్లున్నా మొక్క తాగలేదు. మనం దాహమనుకుని ఇంకో చెంబుడు పోస్తాం, ఉన్న వేరు కూడా పోతుంది.

తేడా తెలియాలంటే చూపుడువేలు రెండు కణుపుల లోతు దించండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. అనుమానం తీరకపోతే మొక్కను మట్టితో సహా బయటికి తీసి వేరు చూడండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమ రంగులో ఉండి, రెండు వేళ్లతో లాగితే పైతోలు ఊడి చేతికి వస్తుంది, లోపల దారంలాంటి ఈనె మాత్రం మిగులుతుంది. సగానికి పైగా వేరు అలా ఉంటే ఆ మొక్క మీద ఆశ వదులుకుని, పచ్చగా ఉన్న కొమ్మల నుంచి కటింగ్‌లు, అంటే మళ్లీ నాటుకునే కొమ్మ ముక్కలు, తీసుకోండి.

ఒక ఏడాది దసరాకు ఊరెళ్తూ కుండీలు పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పాను. ఆవిడ ఎంతో శ్రద్ధగా రోజూ నీళ్లు పోశారు. ఆ వారమంతా వాన. పైగా కుండీల కింద ప్లేట్లు ఉంచింది నేనే. తిరిగొచ్చేసరికి రెండు పొదలు పోయాయి. ఆవిడ మొహం చూస్తే మొక్కల కంటే అదే ఎక్కువ బాధనిపించింది. ఇప్పుడు వెళ్లేముందు చెప్పేది ఒక్కటే: “పిన్నిగారూ, ఎండినా ఫర్వాలేదండీ, వాన పడిన రోజు మాత్రం పోయకండి.” జూన్ వస్తే ప్లేట్లు తీసేస్తాను, మళ్లీ డిసెంబర్‌లోనే పెడతాను. బెంగళూరులో సగటున ఎక్కువ వాన పడేది సెప్టెంబర్‌లో, అక్టోబర్ కూడా తక్కువేం కాదు.

మార్చి, ఏప్రిల్‌లో కుండీకి రోజూ పొద్దున్నే నీళ్లు కావాలి. చలికాలంలో రెండు, మూడు రోజులకోసారి చాలు. నేలలో కుదురుకున్న పొదకు ఎండాకాలంలో కూడా వారానికి రెండుసార్లు సరిపోతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. అప్పుడు నెలకోసారి అడుగు నుంచి కారేదాకా కుళాయిలో వచ్చే కావేరి నీళ్లో వాన నీళ్లో పోసి మట్టిని కడగండి.

ఎప్పుడు పూస్తుంది? మాది ఆకులేగానీ పువ్వులేదు.

మన దగ్గర అక్టోబర్ చివర నుంచి మార్చి దాకా బాగా పూస్తుంది. తర్వాత కూడా అడపాదడపా పూస్తూనే ఉంటుంది. పువ్వు రాకపోతే ముందు ఎండ చూడండి, తర్వాత ఎరువు. యూరియా లాంటి నత్రజని ఎరువులు వేస్తే ఆకు నిగనిగలాడుతుంది, మొగ్గ రాదు. నేను నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్, పూత కాలానికి ముందు బాగా చివికిన అరటితొక్కల కంపోస్ట్ వేస్తాను. వానాకాలంలో ఏమీ వేయను. మూడో కారణం కత్తెర.

కత్తిరించాలంటే చెయ్యి రావట్లేదు. తప్పదా?

తప్పదు. కత్తిరించకపోతే రెండేళ్లలో అడుగు కొమ్మలన్నీ బోడిగా కర్రల్లా అయి, కొసన మాత్రం కుచ్చులా ఆకులుంటాయి.

రెండు రకాల కత్తిరింపు ఉంది. ఒకటి వాడిన పువ్వు తీసేయడం. రేకులు ముడుచుకోగానే, పువ్వు తలే కాకుండా దాని పొడవాటి కాడ మొత్తం, ఆకులు మొదలయ్యే చోటు దాకా తీసేయాలి. తల మాత్రమే తుంచితే ఎండు కాడలు పొదంతా ముళ్లలా నిలబడి చూడ్డానికి బాగోదు. పొద్దున కాఫీ కప్పు పట్టుకుని చేసుకునే పని ఇది, ఐదు నిమిషాలు.

రెండోది ఏడాదికోసారి చేసే పెద్ద కత్తిరింపు. పెద్ద పూత అయిపోయాక, తొలకరి జల్లులు పడి వేడి తగ్గిన మే చివర, జూన్ మొదట్లో చేస్తాను. పొదలో మూడో వంతు తీసేయొచ్చు. కానీ ఒక్క నియమం ఉంది: కోసిన చోటు కింద పచ్చటి ఆకులు తప్పక ఉండాలి. ఆకు లేని ముదురు కర్ర దాకా కోస్తే చాలాసార్లు అక్కడి నుంచి చిగురు రాదు. మందార, గులాబీ కోసిన ధైర్యంతో దీన్ని కోయకండి. కోసిన రోజు వాన లేకుండా చూసుకుంటే గాయాలు త్వరగా ఆరతాయి.

మొగ్గల మెడ మీద నల్లటి, పచ్చటి చిన్న పురుగులు మూగాయి. ఏం కొట్టాలి?

అది పేనుబంక. మొదటి రోజు ఏమీ కొట్టకండి. గట్టిగా నీళ్లు చిమ్మి కడిగేయండి. అక్కడ అక్షింతల పురుగు ఒక్కటైనా కనిపిస్తే మూడు నాలుగు రోజులు ఆగండి, అది తన పని తాను చేస్తుంది. దాని పిల్ల పురుగు నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా ఉంటుంది. అదే ఎక్కువ తింటుంది, తెలియక దాన్నే చాలామంది నలిపేస్తారు.

తగ్గకపోతే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం, తేనెటీగలు వెళ్లిపోయాక కొట్టండి. వారానికోసారి చొప్పున మూడుసార్లు చాలు. పిండినల్లికి కూడా ఇదే, కానీ ముందు దూదితో తుడిచేయండి. ఆకు మీద పాము పాకినట్టు తెల్ల గీతలుంటే ఆ ఆకు తుంచి పారేయండి, మందు అవసరం లేదు. చీమలు వరసగా ఎక్కుతున్నాయంటే పైన పేనుబంకో పిండినల్లో ఉందని అర్థం.

పూజకు పెట్టొచ్చా? టీ కాచుకోవచ్చా?

పూజకు పెట్టడానికి అభ్యంతరం ఏమీ లేదు, కానీ దండకు ఆగదు. కోసిన కొన్ని గంటల్లోనే రేకులు వాలిపోతాయి. గిన్నెలో నీళ్లు పోసి తేలేస్తే సాయంత్రం దాకా బాగుంటాయి. వాసన పెద్దగా ఉండదు.

టీ మాత్రం వద్దు. చామంతి టీ తాగుతున్నాం కదా అని దీని జోలికి వెళ్లకండి. ఈ కుటుంబంలో యూరియోప్స్ చేరే సెనీషియో శాఖ మొక్కలు చాలావాటిలో కాలేయాన్ని దెబ్బతీసే రసాయనాలుంటాయి. ఇది తినే మొక్క కాదు. ఇంట్లో చిన్నపిల్లలు, ఆకులు కొరికే కుక్కపిల్లలు ఉంటే కుండీ ఎత్తులో పెట్టండి.

మా అమ్మానాన్నలు విజయవాడలో ఉంటారు. ఒక మొక్క పంపితే అక్కడ బతుకుతుందా?

చలికాలంలో పూస్తుంది, మే నెల దాటడం కష్టం. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల ఇక్కడ రాత్రిళ్లు చల్లబడతాయి. కోస్తాలో, చెన్నైలో ఉక్కపోతకు వేరు త్వరగా పాడవుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీడ దొరికే చోట పెడితే ప్రయత్నించవచ్చు. విజయవాడకైతే బంతి, పసుపు కాస్మోస్ విత్తనాలు పంపండి. అదే కుటుంబం, అదే పసుపు రంగు, పెద్దవాళ్లకు శ్రమా ఉండదు.

ఎన్నేళ్లు బతుకుతుంది?

కుండీలో నాలుగైదేళ్లు అందంగా ఉంటుంది. తర్వాత మొదలు ముదిరి పూత తగ్గుతుంది. అందుకే మూడో ఏటనే కటింగ్‌లు పెట్టి వారసులను సిద్ధం చేసుకోవాలి.

కటింగ్ ఎలా పెట్టాలి?

జూన్ నుంచి ఆగస్టు దాకా మంచి కాలం. మరీ లేతా కాకుండా, మరీ ముదురూ కాకుండా, వంచితే కొంచెం వంగి టక్కున విరిగే కొమ్మను, మొగ్గ లేనిదాన్ని ఎంచుకోండి. 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవున ఆకు కణుపు కిందుగా కోయండి. అడుగు సగం ఆకులు తీసేయండి. ఇసుక, కోకోపీట్ సగం సగం కలిపి, ముందే తడిపి, పుల్లతో చిల్లు చేసి అందులో నాటండి. కొమ్మతోనే గుచ్చితే కోసిన చోటు నలుగుతుంది. వేర్లు త్వరగా రావడానికి వాడే పొడి (రూటింగ్ పౌడర్) ఉంటే అద్దండి, లేకపోయినా వేరు వస్తుంది.

నీడలో, గాలి ఆడే చోట ఉంచండి. ప్లాస్టిక్ కవర్ కప్పితే రోజూ ఒకసారి తెరవాలి, లేకపోతే బూజు పడుతుంది. నాలుగైదు వారాలకు కొసన కొత్త ఆకు కనిపిస్తుంది. అప్పుడు మెల్లగా లాగి చూడండి, పట్టుకున్నట్టు అనిపిస్తే వేరు వచ్చినట్టే. ఇంకో రెండు వారాలు ఆగి చిన్న కుండీకి మార్చండి, నాలుగు అంగుళాలు పెరగ్గానే కొస తుంచండి. పది పెడితే నాకు ఆరేడు నిలుస్తాయి. పక్కింటి పిన్నిగారికి నేనిచ్చిన రెండూ ఇప్పుడు వాళ్ల గుమ్మానికి అటూ ఇటూ ఉన్నాయి, వాటి కింద ప్లేట్లు లేవు.